గోడకు తగిలిన చప్పుడు

శుక్రవారం ఉదయం డాక్టరు ఒక మోటారును రెండుసార్లు విన్నాడు.

ఆ షెడ్డులో అది చిన్న విషయం కాదు. నీళ్ళ పంపులకు మోటార్లు తయారుచేసే రేకుల షెడ్డు అది. చివరి బల్ల అతనిది. బిగింపు పూర్తయిన మోటారు ఆ బల్ల మీదికి వస్తుంది. అతను స్విచ్చి వేసి, పొడవాటి స్క్రూడ్రైవరు కొనను బేరింగు ఉన్నచోట ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు నొక్కిపెట్టి తల వంచుతాడు. బాగుంటే సుద్దముక్కతో ఒక గీత. లేకపోతే అడ్డంగా రెండు గీతలు, మోటారు వెనక్కి. రోగి గుండె వింటున్నట్టుందని ఎవరో డాక్టరు అన్నారు. ఆ పేరు అతుక్కుపోయింది. అతనికి చూపు లేదు. ఆ సంగతిని పట్టుకుని పెట్టిన పేరు కాదు కనక అతనూ పలికాడు.

ఎప్పుడూ ఒక్కసారే వింటాడు. రెండోసారి స్క్రూడ్రైవరు ఆనించేసరికి పక్క బల్ల దగ్గర రాగితీగ చుడుతున్న వైండరు చెయ్యి ఆగిపోయింది. షెడ్డు యజమానురాలు అద్దాల గదిలోంచి బయటికి వచ్చింది.

“ఏమైంది? బేరింగులేనా? ఆ సరుకంతా అలాగే తగలడిందా?”

“లేదు మేడమ్. ఇది బాగానే ఉంది.”

“మరి రెండుసార్లెందుకు విన్నావు?”

“మొదటిసారి వినలేదు.”

ఆవిడకు అర్థం కావడానికి క్షణం పట్టింది. “ఒంట్లో బాగోకపోతే ఇంటికెళ్ళు నాయనా. నువ్వు రెండుసార్లు వింటే నాకు దడ పుడుతుంది,” అని లోపలికి వెళ్ళిపోయింది.

వైండరుకు మాత్రం సంగతి తెలుసు. “సాయంత్రమే కదూ?” అన్నాడు గొంతు తగ్గించి.

“సాయంత్రమే.”

“హీరో మొహం మార్చేశారట కదా. ఫోన్లలో అందరూ ఒకటే తిట్లు.”

“మొహం మార్చుకోనీ. నేనేమైనా పెళ్ళిచూపులకి వెళ్తున్నానా?”

వైండరు నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. తరవాతి మోటారు బల్ల మీదికి లాక్కున్నాడు.

ఆ సాయంత్రం బజారులోని వీడియో ఆటల దుకాణంలో ‘ఏడు బురుజులు’ కొత్త ఆట పెడుతున్నారు. విడుదలకు ముందే ఎవరైనా వచ్చి పది నిమిషాలు ఆడి చూడవచ్చు. ఈ ఆటకు పాత భాగాలు మూడున్నాయి. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక వేగు, రహస్య సందేశం పట్టుకుని, కాపలావాళ్ళ కంటబడకుండా కోటలో ఒక బురుజు నుంచి మరో బురుజుకు చేరుకోవాలి. కథ అంతే. మూడో భాగం తరవాత దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడింది. ఇంకెవరో కొన్నారు. ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేదు. ఇప్పుడు అదే కథను మొదటి నుంచి కొత్తగా కట్టి వదులుతున్నారు.

మొదటి భాగం వచ్చినప్పుడు డాక్టరు బడిపిల్లవాడు, కళ్ళు బాగానే ఉన్నాయి. రెండో భాగం నాటికి చూపు అంచుల నుంచి తరుగుతూ వస్తోంది. తెర మధ్యలో వేగు కనిపించేవాడు, పక్కనుంచి వచ్చే కాపలావాడు కనిపించేవాడు కాదు. మూడో భాగం కొన్న ఏడాది తెర వెలుగుతోందో లేదో మాత్రం తెలిసేది. ఆ తరవాత అదీ తెలియలేదు.

ఆట మాత్రం ఆగలేదు. దానికి కారణం ఆ ఆటను ప్రేమించేవాళ్ళందరూ అసహ్యించుకునే ఒక చప్పుడు.

వేగు గోడకు తగిలినప్పుడల్లా “హుఁక్” అంటాడు. కడుపులో గుద్దితే వచ్చే శబ్దం. తగిలిన ప్రతిసారీ అంటాడు, మానడు. దాని మీద లోకమంతా జోకులు వేసింది. హుఁక్ వీరుడని వేగుకు పేరు పెట్టారు. కానీ ఎడమ భుజం తగిలితే ఆ చప్పుడు ఎడమ చెవిలో వస్తుంది, కుడి భుజం తగిలితే కుడి చెవిలో. రాతి గోడయితే పొట్టిగా, చెక్క తలుపయితే కొంచెం బోలుగా. కాపలావాడి నడుముకు తాళంచెవుల గుత్తి ఉంటుంది, అది గలగలమంటూ ఎటు నుంచి వస్తున్నాడో చెబుతుంది. ఈ రెండూ చాలు. డాక్టరు గోడను తడుముకుంటూ, వంపులు గుర్తుపెట్టుకుంటూ, ఏడు బురుజులూ దాటేవాడు. రోడ్డు మీద తెల్లకర్ర చేసే పనే ఆ హుఁక్ కోటలో చేసేది.

రోడ్డు మీద కర్రకు తోడు ఎప్పుడూ ఒక చెయ్యి కూడా ఉంటుంది. ఉదయం బావ చెయ్యి, షెడ్డు మెట్ల దగ్గర వైండరు చెయ్యి, ఇంటి సందు మలుపులో అక్క చెయ్యి. ఎవరూ విసుక్కోరు. అడక్కుండానే మోచెయ్యి పట్టుకుంటారు. అతను ఎవరి చెయ్యీ లేకుండా పరుగెత్తే చోటు ఆ కోట ఒక్కటే. మోటార్లు వినే ఉద్యోగం పోయినా మరొకటి వెతుక్కోగలడు. ఆ కోటకు మరో దారి లేదు. పాత మూడు భాగాలు ఆడే పెట్టె కూడా ఇప్పుడు దొరకడంలేదు. ఇంట్లో ఉన్నదానికి ఈ మధ్య వేడెక్కి ఆగిపోయే జబ్బు పట్టుకుంది.

కొత్తది తయారుచేస్తున్నప్పుడు కంపెనీవాళ్ళు పాత ఆటగాళ్ళను అడిగారు, ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని. ఫోనులో బొమ్మల మీద వేలు పెట్టి ఓటు వేయాలి. డాక్టరు ఫోను తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తుంది కానీ ఆ పేజీ దగ్గర “బటన్, బటన్, బటన్” అని తప్ప ఏమీ చెప్పలేకపోయింది. బావను పిలిచి ఓటు వేయించాడు. నెల తరవాత కంపెనీ ఒక ప్రకటన చేసింది. టోపీ పోయింది. సంగీతం పెద్ద వాద్యబృందంతో మళ్ళీ చేయించారు. చివర్లో ఒక వాక్యం: గోడ చప్పుడు విషయంలో మీ మాట విన్నాం.

ఏ మాట విన్నారో రాయలేదు. ఆ వాక్యాన్ని డాక్టరు ఫోను చేత ఎన్నోసార్లు చదివించుకున్నాడు.

*

సాయంత్రం బావ వ్యాను షెడ్డు ముందు ఆగింది. బావది బేకరీ వ్యాను. దుకాణాలకు రొట్టెలు వేసి వచ్చాక కూడా లోపల రొట్టె వాసన వదలదు. డాక్టరు తడుముకుంటూ ఎక్కి తలుపు గట్టిగా వేశాడు.

“నెమ్మదయ్యా, తలుపు నీ మోటారు కాదు.”

వ్యాను కదిలింది.

“మీ అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. జనంలో చెయ్యి వదలొద్దంటోంది. నిన్ను తప్పిపోయిన పిల్లాడిలా మైకులో పిలిపించాల్సొస్తుందని భయం దానికి.”

“బావా, ఆ రోజు ఓటు వేశావు గుర్తుందా?”

బావ గేరు మార్చాడు. అవసరం లేని చోట మార్చాడని డాక్టరుకు తెలిసింది.

“ఏ ఓటు?”

“ఆట ఓటు. అన్నీ పాతవే ఉంచమని నొక్కమన్నాను.”

“నొక్కాను కదా.”

“అన్నీ?”

ఎర్రదీపం దగ్గర వ్యాను ఆగింది. పక్కన ఏదో బస్సు ఇంజను గొణుగుతోంది. బావ స్టీరింగు మీద వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టి ఆపేశాడు.

“ఒక్కటి తప్ప,” అన్నాడు.

డాక్టరు తల తిప్పలేదు.

“అది కాదోయ్, నా మాట విను. రోజూ ఇంటికొచ్చేసరికి గదిలోంచి హుఁక్, హుఁక్. మీ అక్క మిషన్ కుట్టుకుంటూ పాపం వాడు మళ్ళీ ఓడిపోతున్నాడండీ అనేది. అది ఓడిపోయినప్పుడొచ్చే చప్పుడనుకున్నాం ఇద్దరం. నువ్వేదో కాలక్షేపానికి మీటలు నొక్కుకుంటున్నావు, కనబడక ప్రతిసారీ వెళ్ళి గోడకు కొట్టుకుంటున్నావు అనుకున్నాం. కొత్తదాంట్లో అయినా ఆ బాధ లేకుండా పోతుందని తీసేయమని నొక్కాను.”

“అడగొచ్చు కదా.”

“ఏమని అడగను? ఏరా, నువ్వు ఓడిపోతున్నావా అని అడగనా?”

దీపం మారింది. వెనక హారన్లు మోగాయి. బావ బండి లాగించాడు.

“అది ఓడిపోయిన చప్పుడు కాదు బావా. గోడ ఎటుందో చెప్పే చప్పుడు. దాన్ని పట్టుకునే నడుస్తాను.”

బావ ఎవరినో తిట్టడానికి అద్దం దించి, తిట్టకుండానే మళ్ళీ ఎక్కించాడు.

“నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే. వేలమంది వేసుంటారు,” అన్నాడు చివరికి.

“నువ్వు నొక్కకపోయినా పోయేదేమో. కానీ ఇప్పుడు నా పేరు మీద కూడా పోయింది.”



*

దుకాణం బట్టల షాపు కింద సెల్లారులో ఉంది. మెట్లు దిగుతుంటేనే జనం గోల, చల్లటి గాలి, కొత్త ప్లాస్టిక్ వాసన. బావ మోచెయ్యి పట్టుకున్నాడు. డాక్టరు వద్దనలేదు కానీ చెయ్యి బిగించి ఉంచాడు. వరస గోడ వెంబడి వంకర తిరిగి ఉంది. వాళ్ళ ముందు ఒక బొంగురు గొంతు మనిషి, తోడు వచ్చిన స్నేహితుడితో ఆపకుండా మాట్లాడుతున్నాడు.

“టోపీ లేని వేగు ఏంటి బ్రో? ఆ ముక్కు చూశావా? చిలక దగ్గర అప్పు తెచ్చినట్టుంది.”

“కొంచెం అలవాటు పడితే బాగుంటాడేమోరా.”

“నాకొద్దు ఆ అలవాటు. ఒక్కటి మాత్రం మంచి పని చేశారట. ఆ హుఁక్ పీకేశారంటున్నారు.”

డాక్టరు ముందుకు వంగాడు. “పీకేశారా?”

బొంగురు గొంతు ఇటు తిరిగింది. “అంటున్నారండీ. పీడా పోయింది. ఆ చప్పుడుకి మా కుక్క గదిలోంచి లేచెళ్ళిపోయేది. మీరూ ఆడేవారా?”

“ఆడతాను.”

“ఏ భాగం దాకా?”

“మూడూ.”

“మూడోదాంట్లో ఐదో బురుజు దాటారా? నేను అక్కడే వదిలేశాను. ఆ చీకటి మెట్లు ఉన్నాయి చూడండి, అక్కడ ఏమీ కనబడి చావదు.”

“అది తేలిక,” అన్నాడు డాక్టరు.

బొంగురు గొంతు మనిషి అప్పుడు డాక్టరు చేతిలోని తెల్లకర్ర చూసినట్టున్నాడు. మాట ఆగిపోయింది. బావ దగ్గాడు.

వరస కదిలింది. ముందున్న ఇద్దరూ ఆడి లేచారు. దుకాణంవాడు కంట్రోలర్ తీసుకొచ్చి బావ చేతిలో పెట్టాడు. “కూర్చోండి సార్.”

“నేను కాదు. ఆయన.”

“ఆయన...” దుకాణంవాడు నీళ్ళు నమిలాడు. “చూసుకుంటారా?”

“చూసుకోడు. ఆడతాడు,” అన్నాడు బావ.

కుర్చీ వెచ్చగా ఉంది. డాక్టరు కంట్రోలర్‌ను రెండు చేతుల్లోకి తీసుకుని మీటలన్నీ ఒకసారి తడిమాడు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు, ఏది ఎడమో ఏది కుడో తీగ పట్టుకుని సరిచూసుకున్నాడు. బయటి గోల దూరమైంది.

లోపల వాన కురుస్తోంది. దాని మీద వాద్యబృందం. వయొలిన్లు, డోళ్ళు, ఎవరో ఆడమనిషి గొంతెత్తి రాగం తీస్తోంది. ఎంతో ఖర్చుపెట్టి చేసిన సంగీతం. డాక్టరుకు అది ఇంట్లో పెళ్ళివారు దిగినట్టుగా ఉంది. ఎవరేం చెబుతున్నారో వినబడటంలేదు. ముందుకు మీట తోశాడు. అడుగుల చప్పుడు వచ్చింది. తడి రాయి మీద తోలు చెప్పులు. పాతదానికన్నా బాగుంది. కుడికి తిప్పాడు. నాలుగైదు అడుగులు వేశాక అడుగులు ఆగిపోయాయి.

హుఁక్ రాలేదు.

మీట తోసే ఉంచాడు. ఏమీ రాలేదు. కంట్రోలర్ పాడైందేమోనని వెనక్కి లాగాడు. అడుగులు వచ్చాయి. మళ్ళీ ముందుకు. ఆగిపోయాయి. వాన, వయొలిన్లు.

తెర మీద జరుగుతున్నది వరసలో ఉన్నవాళ్ళందరికీ కనబడుతోంది. కొత్త వేగు గోడ దగ్గరికి వెళ్ళి, అరవకుండా, మర్యాదగా అరచెయ్యి గోడకు ఆనించి నిలబడుతున్నాడు. ఎన్నిసార్లు తోసినా అంతే. ఎవరో నవ్వు ఆపుకున్నారు. “అలాగే నిలబెడతారా ఏంటండీ టైమంతా?” అని వెనకనుంచి ఒక ఆడగొంతు.

బావ ఉండలేకపోయాడు. వంగి, హెడ్‌ఫోను పక్కనుంచి, “ఎడమకి తిరుగు. ఎడమకి. ఇంకొంచెం,” అన్నాడు.

డాక్టరు చేతులు ఆగిపోయాయి.

“బావా. చెప్పకు.”

“అది కాదు, అక్కడ సందు...”

“చెప్పకు అన్నానా? రోడ్డు మీద చెప్పు. ఇక్కడొద్దు.”

గొంతు పెద్దదే అయింది. బావ వెనక్కి జరిగాడు. డాక్టరు ఒక చెవి మీదినుంచి హెడ్‌ఫోను తీసి దుకాణంవాడి కోసం తల తిప్పాడు.

“మ్యూజిక్ ఆపొచ్చా? మ్యూజిక్ ఒక్కటే. మిగతావి అలాగే ఉంచి.”

“సెట్టింగులు ముట్టుకోవద్దని పైనుంచి చెప్పారండీ.”

“ముట్టుకోవద్దని ఎవరికి చెప్పారు, మాకా నీకా?” అన్నాడు బావ. “నువ్వు ముట్టుకో. మేం ముట్టుకోం.”

“సార్, అదీ...”

“ఆపవయ్యా, ఆయన టైమే కదా పోతోంది,” అంది బొంగురు గొంతు. ఆ మనిషి తన వంతు అయిపోయినా ఇంకా వెళ్ళలేదు.

దుకాణంవాడు గొణుక్కుంటూ ఏదో నొక్కాడు. వయొలిన్లు పోయాయి. పెళ్ళివారు ఒక్కసారిగా ఇల్లు ఖాళీ చేసినట్టయింది.

డాక్టరు తల వంచాడు. మోటారు ముందు వంచినట్టే వంచాడు. ముందుకు తోశాడు. అడుగులు ఆగిన చోట ఇప్పుడు సన్నటి శబ్దం వినిపించింది. చర్మం రాతికి రాసుకున్న చప్పుడు. అరచెయ్యి. గోడ ఉందని చెబుతోంది. ఏ పక్క ఉందో చెప్పడంలేదు. రెండు చెవుల్లోనూ సమానంగా వస్తోంది. హుఁక్ తీసేసినవాళ్ళు దాని బదులు అందమైనదేదో పెట్టారు, అది ఎందుకు పనికొచ్చేదో వాళ్ళకు తెలిసినట్టు లేదు.

అప్పుడు వానను విన్నాడు.

వాన అన్నిచోట్లా ఒకేలా లేదు. ఎడమ చెవిలో పలచగా, పరుచుకుని పడుతోంది. కుడి చెవిలో ధారగా పడుతోంది, చూరు నుంచి రాయి మీదికి. అంటే కుడివైపు గోడ, పైన చూరు. అతను కొంచెం ఎడమకు జరిగి ముందుకు నడిచాడు. చూరు నీళ్ళు కుడి చెవిలోనే ఉండేటట్టు చూసుకున్నాడు. అవి దూరమైతే దగ్గరికి జరిగాడు, మరీ దగ్గరైతే పక్కకు తప్పుకున్నాడు. మూల తిరిగాడు. ఎక్కడో ముందు నీళ్ళు బోలుగా పడుతున్నాయి. తొట్టి అయి ఉండాలి. దాన్ని చుట్టి వెళ్ళాడు. గలగల వినబడింది. తాళంచెవులు ఉంచారు. కాపలావాడు ఎడమనుంచి కుడికి వెళ్ళేదాకా తొట్టి వెనక ఆగాడు. గలగల దూరమయ్యాక పరుగెత్తాడు.

“ఓర్నీ,” అన్నాడు బొంగురు గొంతు మనిషి.

వరసలో ఎవరూ టైము సంగతి ఎత్తడంలేదు. బావ పిడికిళ్ళు బిగించి నిలబడ్డాడు.

డాక్టరు గుమ్మం దాటాడు. వాన వెనకపడింది. ఇంకో రెండడుగులు వేశాక అసలు వినబడలేదు. లోపలి నడవ. తోలు చెప్పుల చప్పుడు తప్ప మరొకటి లేదు. అతను ఆగిపోయాడు. కుడికి తోశాడు, అరచెయ్యి. ఎడమకు తోశాడు, అరచెయ్యి. రెండూ ఒకటే చప్పుడు. తలుపు ఉంటే అది కూడా అదే అరచెయ్యి. వెనక్కి వెళ్ళి వానను వెతుక్కుందామని తిరిగాడు, ఎంత తిరిగాడో తెలియలేదు. పాత కోటలో అయితే ఈ పాటికి నాలుగు హుఁక్‌లతో నడవ కొలతలు తెలిసిపోయేవి.

గలగల వినబడింది. నడవలోకి వస్తోంది.

తెర మీద తలుపు ఉంది. వేగు ఎడమ భుజానికి జానెడు దూరంలో. దుకాణంలో ఉన్న ప్రతివాడికీ కనబడుతోంది. బావ నోరు తెరిచాడు. తెరిచి, చేత్తో మూసుకున్నాడు. డాక్టరు ముందుకు తోశాడు, గోడ. కొంచెం కుడికి తిప్పి తోశాడు, గోడ. గలగల రెండు చెవుల్లోనూ నిండిపోయింది. అతను కదలడం మానేసి వింటూ కూర్చున్నాడు, అది ఎటునుంచి వస్తోందో చివరిదాకా పట్టుకోవాలన్నట్టు.

సంకెళ్ళ ఇనుము మోగింది. ఆట అయిపోయింది.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. బొంగురు గొంతు మనిషి ఏదో అనబోయి, “నడవలో దీపాలు బాగా పెట్టారండీ,” అన్నాడు. అన్న తరవాత తన మాట తనకే ఎలాగో అనిపించినట్టుంది, “మీరు తొట్టి దగ్గర ఆగారు చూడండి, నేనక్కడే చచ్చాను,” అని చేర్చాడు.

దుకాణంవాడికి మాత్రం తన పని గుర్తుంది. “ఎలా ఉందండీ? బుక్ చేయమంటారా? ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళకి టోపీ ఉచితం.”

“ఒక్క సంగతి చెప్పు,” అన్నాడు డాక్టరు. “మొత్తం ఆటలో వాన ఎంతసేపు పడుతుంది?”

“ఏంటండీ?”

“వాన. ఎన్ని చోట్ల ఉంది?”

“అదీ... తెలీదండీ. గ్రాఫిక్స్ మాత్రం అదిరిపోయాయంటున్నారు.”

“సరే. తెలిశాక చెప్పు.”

మెట్లెక్కుతుంటే బావ చెయ్యి పట్టుకోలేదు. పక్కనే ఒక మెట్టు కింద నడిచాడు. పైకి వచ్చాక అన్నాడు. “ఎడమపక్కే ఉందోయ్ తలుపు. చెయ్యి చాపితే అందేది. నోరు నొక్కుకుని చచ్చాను.”

“తెలుసు. నీ ఊపిరి వినబడింది.”

“హెడ్‌ఫోన్లలోంచా?”

“ఎద్దులా పీలుస్తుంటే వినబడదా?”

*

అక్క వీధి గుమ్మంలోనే ఉంది. ఆమె ఇంట్లో బట్టలు సరిచేసే పని చేస్తుంది, మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతుంటుంది. తమ్ముడి మొహం చూసి, మొగుడి మొహం చూసి, ఎవరిని అడగాలో తేల్చుకుంది.

“ఏమండీ, ఓడిపోయాడా?”

“ఓడిపోలేదే. వాన అయిపోయింది,” అన్నాడు బావ.

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. ముందు అన్నం తినమంది. తిన్నాక బావ చెప్పుకొచ్చాడు. వ్యానులో సంగతీ దాచలేదు. అక్క చేతిలో ఉన్న ప్యాంటు పక్కన పెట్టింది.

“అయితే ఇన్నాళ్ళూ వాడు గెలుస్తున్నాడా?”

“ఎక్కువసార్లు,” అన్నాడు డాక్టరు.

“మరి చెప్పి ఏడవచ్చు కదరా! నువ్వు ఓడిపోతున్నావని రోజూ నీకు పెరుగు ఒక గరిటె ఎక్కువ వేస్తున్నాను.”

“అందుకే చెప్పలేదు.”

ఆమె టేపు తీసి అతని భుజం మీద ఒకటి వేసింది.

శనివారం డాక్టరు ప్రతి మోటారునూ ఒక్కసారే విన్నాడు. సాయంత్రం బావ ఫోను పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. “చెప్పు. కంపెనీవాళ్ళకు రాద్దాం. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఒక్క అక్షరం నా సొంతం వెయ్యను.”

డాక్టరు చెప్పాడు. హుఁక్ మళ్ళీ పెట్టమని అడగలేదు. అరచేతి చప్పుడు బాగుంది, ఉంచండి, కానీ ఏ పక్క గోడ తగిలితే ఆ చెవిలో రానివ్వండి. తలుపుకు వేరే చప్పుడు ఇవ్వండి. సంగీతం ఆపే మీట ఏదో ఫోనులాగే ఆట కూడా చదివి చెప్పాలి. బావ రాసింది తిరిగి చదివి వినిపించాడు, తప్పులు దిద్దాడు, పంపాడు. వెంటనే జవాబు వచ్చింది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. అది మనుషులు రాసింది కాదని ఇద్దరికీ తెలుసు.

తరవాత బావ పాత పెట్టె ముందు కూర్చున్నాడు. తువ్వాలు కళ్ళకు కట్టమని అక్కకు ఇచ్చాడు, ఆమె కట్టి మిషను దగ్గరికి వెళ్ళాక హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. చప్పుడు బయటికి కూడా వినబడేటట్టు పెట్టమన్నాడు డాక్టరు.

“హుఁక్.”

“కుడి చెవిలోనా, ఎడమలోనా?”

“చెప్పకు. చెప్పకు అన్నానా?” అన్నాడు బావ, అచ్చం దుకాణంలో విన్న గొంతుతో.

పక్కగదిలో మిషను ఆగింది. అక్క అక్కడినుంచే హుఁక్‌లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మొదటి బురుజు చేరకుండానే కాపలావాడు పట్టుకున్నాడు. పెట్టె వేడెక్కిందని డాక్టరు ఆపించాడు.

“నలభై ఒకటి,” అని అరిచింది అక్క లోపల్నుంచి.

కొత్త ఆట పద్దెనిమిదో తారీకున వస్తుంది. దుకాణంవాడు వాన సంగతి ఇంకా చెప్పలేదు. డాక్టరు ఇంకా బుక్ చేయలేదు.